అరవై ఆరు పక్కన చుక్క

మదీహా వచ్చేసరికి పోశన్న చెరుకు మడి గట్టు మీద కూర్చుని అగ్గిపెట్టెను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు. చెరుకు కొట్టి లారీలకెత్తి వారం దాటింది. మడిలో ఎండుటాకు మోకాలి లోతున పడి ఉంది. దాన్ని కాల్చి మొదళ్లకు నీళ్లు పెడితే రెండో కాపు లేస్తుంది.

"ఏంది బిడ్డా, గింత పొద్దుగాల? మోటర్ మంచిగనే నడుస్తున్నదని మీ బాపుకు చెప్పు."

"మోటర్ గురించి కాదు కాకా. ఆకు ఇయ్యాల కాలుస్తవా?"

"ఇయ్యాల ఉగాది గద. పండుగ పూట పని మొదలువెడ్తే ఏడాదంత సాగుతది. పొద్దు గూకితె గాలి పడిపోతది, అప్పుడు అంటువెడ్త. ఏం, మీ అమ్మ బట్టలు ఆరేసిందా?"

"రేపు కాల్చు కాకా. ఇయ్యాల రాత్రి ఆకాశం సాఫ్ ఉండాలె."

పోశన్న పడమటి వైపు చూశాడు, మదీహా వైపు చూశాడు, అగ్గిపెట్టెతో తన నుదుటి మీద కొట్టుకున్నాడు.

"అరే, యాదిమర్చిన! ఇయ్యాల మీకు నెలవంక సూసే దినం గదా. గది చెప్పవేందే మరి?"

మదీహాకు కావలసింది పడమర కాదు, తూర్పు. నెలవంక కాదు, అది మునిగాక వచ్చే చీకటి. అది చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి.

"అవు కాకా," అంది.

"గట్లయితే ఇయ్యాల ముట్టియ్యను పో. చంద్రునికి పొగవెట్టినోడని పేరు నాకెందుకు?"

ఆమె వచ్చిన దానికంటే త్వరగా వెనక్కి నడిచింది.

మదీహా బోధన్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకుంటుంది. తండ్రి అబ్బాస్ ఊరి చివర మోటార్లకు వైండింగ్ చేస్తాడు. కింద దుకాణం, పైన ఇల్లు, ఆ పైన డాబా. డాబా మీది టెలిస్కోప్ జ్యోతిరాణి మేడంది. డిగ్రీలో మదీహాకు ఫిజిక్స్ చెప్పిన మేడం రిటైరై నిజామాబాద్ సుభాష్‌నగర్‌లో ఉంటోంది. తన ఇంటి చుట్టూ లైట్లు పెరిగి ఆకాశంలో ఏమీ మిగల్లేదని, నిరుడు దసరాకు దాన్ని తెచ్చి శిష్యురాలి చేతిలో పెట్టింది. అది కన్ను ఆనించి చూసే రకం కాదు. స్టాండు మీద నిలబెట్టి ఫోన్‌లో పేరు కొడితే తానే ఆ దిక్కుకు తిరుగుతుంది. కాసేపు వెలుతురు కూడబెట్టి బొమ్మను ఫోన్‌కు పంపుతుంది.

జనవరి నుంచి మదీహా తీస్తున్నది ఒక్క చోటునే. సింహరాశిలో, సింహం వెనక కాలి దగ్గర, మూడు గెలాక్సీలు గుంపుగా ఉన్నాయి. మూడూ సుడి తిరిగినవే. వాటి వెలుతురు మన దగ్గరికి రావడానికి మూడున్నర కోట్ల సంవత్సరాలు పడుతుంది. పాత జాబితాలో ఒకదాని సంఖ్య అరవై ఐదు, ఇంకోదానిది అరవై ఆరు. మూడోది మనకు అంచు చూపిస్తూ నిలబడింది కాబట్టి గీతలా కనిపిస్తుంది. ఒకదాన్నొకటి లాగుతూనే ఉంటాయి. ఎప్పుడో మూడోది దగ్గరగా పోయినప్పుడు అరవై ఆరు సుడిలో చెయ్యి ఒకటి వంకర తిరిగిందని మేడం చెప్పింది. ఫోన్‌లో బొమ్మ చూసి నాయనమ్మ అజీజా దాదీ వాటికి తోడికోడళ్లు అని పేరు పెట్టింది.

"గుంజుకుంటనే ఉంటరు, ఇడిసిపెట్టి మాత్రం పోరు," అంది.

రంజాన్ ఉపవాసాలు, రోజాలు, చివరికొచ్చాక వచ్చే షబే ఖద్ర్ జాగారం రాత్రి ఇల్లంతా మేలుకుని ఉంది. దాదీ, అమ్మీ జానమాజు చాపల మీద కూర్చుని ఉండగా మదీహా నమాజుల మధ్య డాబా ఎక్కి ఒక ఫొటో తీసింది. మబ్బు రావడంతో పది నిమిషాలకే ఆపేయాల్సి వచ్చింది. ఆ ఫొటోలో, అరవై ఆరు వంకర చెయ్యి పక్కన, ఒక చుక్క ఉంది. అంతకుముందు తీసిన ఏ ఫొటోలోనూ అది లేదు.

గెలాక్సీలో కొత్తగా చుక్క వెలిగిందంటే అక్కడ ఒక నక్షత్రం పేలి ఉండొచ్చు. దాన్ని ముందు చూసి చెప్పినవాళ్ల పేరు రికార్డులో దాని పక్కనే నిలుస్తుంది. పాత ఫొటోలన్నీ తీసి పక్కపక్కన పెట్టి చూసుకుని, శనివారం పొద్దున మేడంకు ఫోన్ చేసింది.

"ఎప్పుడు తీసినవ్?" అని మేడం ముందు అదే అడిగింది.

"ఇరవై ఏడో రోజా రాత్రి మేడం. శుక్రవారం."

మేడం అడగడానికి కారణం ఉంది. మన సూర్యుడి చుట్టూ తిరిగే రాళ్లు, గ్రహశకలాలు, ఒక్కోసారి దారికి అడ్డం వచ్చి కొత్త నక్షత్రంలా కనిపిస్తాయి. ఏది ఏ రాత్రి ఎక్కడుందో కంప్యూటర్‌లో వెతుక్కోవచ్చు. మేడం వెతికింది. శుక్రవారం రాత్రి అరవై ఆరు పక్కన ఏ రాయీ లేదు.

"అయినా ఒక్క ఫొటో సాక్ష్యం కాదు మదీహా. రెండోది తీయి. రెండింట్ల ఉంటే నీ పేరు మీద నేనే పంపిస్త. ఆలస్యం చేయకు, ఆకాశం మనొక్కళ్లది కాదు."

ఆ జాగారం తర్వాతి రాత్రి వేరే మడి పొగ, శనివారం రాత్రి మబ్బు. ఈ రోజు ఆదివారం. మదీహాకు నిద్ర లేదు, కూర్చుంటే కాలు ఆగడం లేదు. పోశన్న మడి నుంచి వచ్చాక డాబా ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. టెలిస్కోప్ చార్జింగ్ చూసింది. ఇంతకుముందే చూసిన సంగతి మెట్ల మీద గుర్తుకొచ్చింది.

మధ్యాహ్నం దాటాక తమ్ముడు ఆకిబ్ పండుగ బట్టల సంచులతో నిజామాబాద్ నుంచి వచ్చాడు. సంచులు కూడా దించకుండా అడిగాడు.

"ఆపా, ఏం చేసినవే నువ్వు? బస్టాండ్ కాడ పోశన్న కాక దొరికినోనికల్ల చెప్తుండు, అబ్బాస్ భాయ్ బిడ్డ నెలవంక కోసం దూర్బీన్ పెట్టిందని. సాయంత్రం సగం గల్లీ మన డాబా మీదనే ఉంటది."

"నేను నెలవంక కోసమని చెప్పలే."

"కాదని చెప్పినవా మరి?"

మదీహా తండ్రికి చెప్పడానికి దుకాణంలోకి దిగింది.

అబ్బాస్ మసీదు కమిటీలో ఉన్నాడు. గల్లీలో ఎవరికైనా నెలవంక కనిపిస్తే ఆ కబురు ముందు ఆయన దగ్గరికే వస్తుంది. కూతురి మాట విని చేతిలోని రాగి తీగ కింద పెట్టాడు.

"వస్తే రానియ్యి, డాబా ఏం అరుగుతదా? కానీ దూర్బీన్‌తోని చూసింది మా మసీదుల నడువది. కంటితోని చూడాలె. అదీ ఒక్కరు చూస్తే కాదు, ఇంకొకరు చూడాలె. ఒక్క మనిషికి మబ్బు అంచు కూడ నెలవంక లెక్కనే కనబడ్తది."

అసలు చిక్కు మదీహా ఎవరికీ చెప్పలేదు. నెలవంక కనిపించకపోతే రేపు ఇంకో రోజా. తరావీ నమాజు అయ్యాక గల్లీ తొందరగా పడుకుంటుంది, చీకటి ఉంటుంది. కనిపిస్తే పండుగ. ఎదురుగా ఉన్న ఫంక్షన్ హాలు వాళ్లు గోడల నిండా లైట్ల దండలు కట్టి, స్విచ్చు వేయడానికి కాచుకుని ఉన్నారు. ప్రతి డాబా మీదా బల్బు వెలుగుతుంది. అంత వెలుతురులో అరవై ఆరు కనిపించదు. కాబట్టి ఆమె మనసులో ఒక్కటే కోరుకుంది: ఈ రోజు నెలవంక ఎవరికీ కనిపించకూడదు. వంటింట్లో దాదీ ఖర్జూరాలు ఏరుతోంది. డెబ్బై దాటిన మనిషి, నెలంతా ఒక్క రోజా వదల్లేదు. మదీహా ఆమె ముఖం చూడకుండా నీళ్ల బిందె ఎత్తుకుని మీదికి పోయింది.

ఇఫ్తార్ డాబా మీదే అయింది. గల్లీ జనం వచ్చారు. పక్కింటి కిరాణా దుకాణం ముఖీత్ టెలిస్కోప్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"దీనికి కన్ను యాడ పెట్టాలె?"

"కన్ను పెట్టేది కాదు ముఖీత్ భాయ్. ఫోన్ల కనబడ్తది."

"ఫోన్ల చంద్రున్ని సూసుడైతే నా దుకాన్లనే కూసుంటుంటి గద! మోకాళ్ల నొప్పులతోని రెండంతస్తులు ఎక్కిపిచ్చిండు పోశన్న."

అందరూ నవ్వారు. పొద్దు గూకింది. పడమటి అంచున, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం వెనక, మబ్బు గోడ కట్టినట్టు ఉంది. చూపుడు వేళ్లు లేచాయి, దిగాయి. అదిగో అన్నవాళ్లే కాదన్నారు. మదీహా అందరి వెనక, టెలిస్కోప్ పక్కన నిలబడింది. మబ్బు అలాగే ఉండిపోవాలని కోరుకుంటూ పడమటికే చూస్తోంది.

మబ్బులో ఒక సందు తెరుచుకుంది. అందులో ఒక పోగు.

నెలల తరబడి మసక చుక్కలు వెతికిన కన్ను అది. మసక వస్తువు కనబడాలంటే నేరుగా చూడకుండా కాస్త పక్కకు చూడాలని ఆమెకు అలవాటు. కాస్త పక్కకు చూసింది. పోగు వంగి ఉంది. అది నెలవంకే.

చుట్టూ చూసింది. ఇంకెవరూ చూడలేదు.

"ఎవరికన్న కనబడ్డదా?" అని అబ్బాస్ అడిగాడు.

"లేదు భాయ్. రేపు రోజానే," అని ముఖీత్ చెప్పుల కోసం వంగాడు. ఇద్దరు ముగ్గురు మెట్ల వైపు కదిలారు. మదీహా తల తిప్పి తూర్పు చూసింది. అక్కడ చీకటి పైకి వస్తోంది. సందు ఇంకొంచెం సేపట్లో మూసుకుంటుంది. తను ఏమీ చేయనక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు.

దాదీ పిట్టగోడ పట్టుకుని ఇంకా పడమటికే చూస్తోంది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోదానికి కావాలి.

"నాకేం కనబడ్తలేదు. మదీహా, నీ కండ్లు మంచియి. నీకు కనబడ్తున్నదా?"

అడగకపోతే చెప్పేదో లేదో మదీహాకు తర్వాత కూడా తెలియలేదు. దాదీ అడిగింది.

"ఉన్నది దాదీ."

మెట్ల మీది కాళ్లు ఆగిపోయాయి.

"యాడ?" అన్నాడు అబ్బాస్.

"పొగగొట్టం కొసకు ఎడమ దిక్కు, రెండు వేళ్ల ఎడం అబ్బా. నేరుగ చూడకు. కొంచెం పక్కకు చూడు, అప్పుడు అదే కనబడ్తది."

అబ్బాస్ చూశాడు. తల కాస్త తిప్పి మళ్లీ చూశాడు. కూతురు చెప్పిందని ఒప్పుకునే మనిషి కాదు. తర్వాత అతని పెదవులు దువాకు కదిలాయి. ఆకిబ్ చూశాడు. ముఖీత్ ఒక కాలికి చెప్పుతో వచ్చి చూసి, "చాంద్ ముబారక్!" అని గల్లీ అంతా వినబడేలా అరిచాడు. అబ్బాస్ ముఖీత్‌ను వెంటబెట్టుకుని మసీదుకు సాక్ష్యం చెప్పడానికి పోయాడు. దాదీ మదీహా తలను రెండు చేతులతో దగ్గరికి తీసుకుని నుదురు ముద్దుపెట్టుకుంది. కాసేపటికి మసీదు మైకులో కబురు వచ్చింది. ఎదురుగా ఫంక్షన్ హాలు లైట్లు వెలిగాయి.

అయినా మదీహా ఫొటో మొదలుపెట్టింది. ఫోన్‌లో తెల్లటి పొర వచ్చింది. అరవై ఆరు ఉండాల్సిన చోట మరక ఉంది, అంతే. ఇంతలో మేడం ఫోన్.

"ఏమైంది?"

"లైట్లు మేడం. పండుగ."

"ముబారక్. మరి లైట్లు లేని జాగ లేదా అక్కడ?"

ఉంది. పొద్దున పోయి వచ్చిందే.

"చాంద్ రాత్ పూట యాడికే?" అని అమ్మీ వంటింట్లోంచి అరిచింది. "మెహందీ పెట్టే ఆమె వస్తది!"

"గంటల వస్త అమ్మీ. ఆకిబ్ తోడున్నడు."

ఆకిబ్ బండి నడిపాడు. మదీహా వెనక టెలిస్కోప్‌ను ఒళ్లో పెట్టుకుని, స్టాండు భుజాన వేసుకుని కూర్చుంది. పోశన్న మోటర్ గదిలోంచి బయటికి వచ్చి బండి లైటుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నెలవంక కనబడ్డదట గద? మైకుల విన్న. మల్ల గీ దూర్బీన్ ఎందుకు?"

మదీహా స్టాండు కాళ్లు గట్టు మీద నాటుతూ చెప్పింది.

"నెలవంక కోసం కాదు కాకా. పొద్దుగాల నువ్వు గట్ల అనుకున్నవు, నేను ఊకున్న. నాకు కావాల్సింది గది," అని తూర్పున పైకి వచ్చిన సింహాన్ని చూపించింది. మూడు గెలాక్సీల సంగతి, చుక్క సంగతి చెప్పింది.

పోశన్న విన్నాడు.

"గా ముచ్చట పొద్దుగాల్నే చెప్తే అయిపోవు గదనే."

"చెప్తే ఆగుతుంటివా?"

పోశన్న ఆలోచించాడు. "ఆగకపోతుంటి," అన్నాడు.

ఇక్కడ చీకటి ఉంది. మదీహా మీట నొక్కింది. ఫోన్‌లో మొదట నలుపు, తర్వాత చుక్కలు, తర్వాత ఒక్కొక్కటే మూడూ తేలాయి. ఆమె ఎండుటాకు మీద అటూ ఇటూ నడిచింది. ఆకు చప్పుడుకు ఆకిబ్ రెండుసార్లు కసిరాడు. పోశన్న వంగి ఫోన్‌లోకి చూశాడు.

"గివేనా? నల్ల గుడ్డ మీద పిండి రాలినట్టున్నయి."

బొమ్మ తేరుకుంది. వేళ్లతో పెద్దది చేసింది. అరవై ఆరు నడుమ, వంకర చెయ్యి, ఆ చెయ్యి పక్కన... ఏమీ లేదు. ఇంకా పెద్దది చేసింది. పాత ఫొటో తెరిచి పక్కన పెట్టింది. చుక్క ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"లేదా?" అన్నాడు ఆకిబ్.

"లేదు."

"మల్లొక్కసారి తీసి సూడు."

మళ్లీ తీసింది. మళ్లీ లేదు. పేలిన నక్షత్రం వారాల పాటు వెలుగుతుంది, రెండు మూడు రోజుల్లో ఆరిపోదు. అంటే అది కదిలిపోయింది. కదిలేది రాయి. కానీ శుక్రవారం రాత్రి అక్కడ ఏ రాయీ లేదని మేడం వెతికి మరీ చెప్పింది.

పోశన్న ఆమె ముఖం చూశాడు. మాట మార్చడానికి ఆకిబ్ వైపు తిరిగాడు.

"మా పండుగ ఇయ్యాలతోని ఒడిసె. మీదింక రేపు గదా?"

"రేపేంది కాకా, మాది పొద్దు గూకంగనే షురువైంది. గీ రాత్రి రేపటి లెక్కనే."

"తెల్లారకుంట దినమెట్ల మారుతదిరా?"

"మాకు ముందు రాత్రి, ఎన్క పగలు. ఇరవై ఏడో రాత్రి అంటే ఇరవై ఏడో రోజా కంటె ముందు వస్తది."

మదీహా నడక ఆగింది.

ఇరవై ఏడో రోజా శుక్రవారం. దాని రాత్రి శుక్రవారానికి ముందే వచ్చింది. అందరూ జాగారం చేసిన ఆ రాత్రి గురువారం. నెలంతా ఇంట్లో రోజాలు లెక్కపెట్టుకున్నట్టే ఆమె మేడంకు కూడా చెప్పి, ఆ రోజా పగటి వారం చేర్చింది. పాత ఫొటో వివరాలు తెరిచింది. గురువారం అని అక్కడే ఉంది. ఇన్నిసార్లు ఆ చుక్కను చూసింది గానీ దాని కిందికి చూడలేదు.

మేడంకు ఫోన్ చేసింది.

"మేడం, శుక్రవారం కాదు. గురువారం రాత్రి."

అవతల కంప్యూటర్ మీటల చప్పుడు.

"ఉంది," అంది మేడం. "గురువారం రాత్రి సరిగ్గా ఆ చెయ్యి పక్కనే ఉంది. చిన్న రాయి, ముందే తెలిసినదే. తెల్లారేసరికి దూరం పోయింది. ఇప్పుడు నీ ఫొటోల ఒక మూలకు ఉండాలె, చూడు."

మూలకు చూసింది. ఉంది. మూడున్నర కోట్ల సంవత్సరాల అవతల అనుకున్నది, మన సూర్యుడి చుట్టూ తన దారిన తాను పోతోంది. పాత ఫొటోను మళ్లీ చూసింది. చుక్క గుండ్రంగా లేదు, పక్కకు సాగి ఉంది. నక్షత్రమైతే సాగదు. ఆ సాగుడు మొదటి రోజు నుంచీ ఫొటోలో ఉంది. తనకే కనిపించలేదు.

"ఫొటో మీది తారీఖు నేనూ చూసుకోవాల్సింది," అంది మేడం. "బాధపడుతున్నవా?"

"లేదు మేడం," అంది మదీహా. మళ్లీ తానే, "అవు," అంది.

ఫోన్ పెట్టేశాక పోశన్న అడిగాడు.

"ఏమంటది మేడం?"

"చుక్క ఆడిది కాదు కాకా. ఈడిదే. నడుమల అడ్డం వచ్చింది."

"ఈడిదంటే? బోధన్‌దా?"

ఆకిబ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. మదీహాకు కూడా నవ్వు వచ్చింది, దాంతోపాటు కళ్లల్లో నీళ్లు కూడా. ఓణీ కొంగుతో తుడుచుకుంది.

"మన సూర్యునిది కాకా."

"అయితే మనోళ్లదే అన్నట్టు." పోశన్న జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. "మరి నేను ముట్టియ్యనా?"

మదీహా పైకి చూసింది. గాలి లేదు. ఊరి వైపు ఆకాశం తెల్లగా ఉంది. ఇటు సింహం నడినెత్తికి వస్తోంది. కాళ్లు ఇంకా ఒక చోట నిలబడడం లేదు.

"ఇంకొక్కటి తీస్త, ఆగు."

"ఇంకేమున్నది తీసుడుకు?"

"తెలువది. గందుకే."

చేతిలో ఫోన్ మోగింది. అమ్మీ. మెహందీ ఆమె వచ్చి కూర్చుందట, దాదీ మనవరాలు రాకుండా చెయ్యి చాపనంటోందట.

"వస్తున్న అమ్మీ," అంది మదీహా. ఫోన్ కట్ చేసి మీట నొక్కింది.

పోశన్న అగ్గిపెట్టె జేబులో వేసుకుని గట్టు మీద కూర్చున్నాడు. తెర మీద మొదట అరవై ఆరు తేలింది.